యూరియా పొలంలో వద్దన్నాం, మరి ఇంటి నేలలో?



కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న మన రైతులు ఈ మధ్య తరచుగా అడుగుతున్న మాట ఇది: "అన్నా, ఒక్క గదికైనా చెక్క ఫ్లోరింగ్ వేయిద్దామనుకుంటున్నాం. కర్రే కదా, సహజమైనదే కదా?"

కర్ర సహజమైనదే. కానీ షాపులో వుడెన్ ఫ్లోరింగ్ పేరుతో అమ్మేదంతా కర్ర కాదు. పై వీడియోలో పక్కపక్కన పెట్టిన మూడు ముక్కలు చూడండి. పైనుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. అంచు చూస్తే తేడా తెలిసిపోతుంది.

మొదటిది లామినేట్. కర్ర పీచుని జిగురుతో కలిపి, వేడి మీద నొక్కి చేసిన అట్ట. పైన కనిపించే కర్ర గీతలు కాగితం మీద అచ్చేసిన ఫోటో. రెండోది ఇంజినీర్డ్ వుడ్. పైన కొన్ని మిల్లీమీటర్లు నిజమైన కర్ర, కింద ప్లైవుడ్ పొరలు. మూడోదే అసలు కర్ర. పైనుంచి కిందిదాకా ఒకే చెక్క.

ఇప్పుడు మనకి సంబంధించిన విషయానికి వద్దాం. ఇలాంటి అట్టల్లో, ప్లైవుడ్‌లో ఎక్కువగా వాడే జిగురు పేరు యూరియా ఫార్మాల్డిహైడ్. అవును, మనం పొలంలో మానేసిన ఆ యూరియానే దీనికి ముడిసరుకు. 2015లో కేంద్రం యూరియాకి వేపపూత తప్పనిసరి చేసిన కారణాల్లో ఒకటి, సబ్సిడీ యూరియా ప్లైవుడ్ లాంటి పరిశ్రమలకి మళ్లిపోకుండా ఆపడం. ఈ జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే ఆవిరి కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈ1, ఈ0 అని గుర్తు ఉన్న రకాల్లో ఆవిరి తక్కువ. రోజులు గడిచేకొద్దీ అది తగ్గుతుంది కూడా. కానీ మే నెల ఎండల్లో తలుపులు మూసి, ఫ్యాను వేసుకుని పసిపిల్లలు నేలమీద పడుకునే ఇళ్లు మనవి. విషం లేని తిండి కోసం ఇంత కష్టపడేవాళ్లం, పీల్చే గాలి గురించి అడగకుండా ఎలా కొంటాం?

సరే, అసలు కర్రే వేస్తాం అంటారా? మంచిదే. అయితే హార్డ్‌వుడ్ అన్న పేరు చూసి మోసపోవద్దు. వెడల్పాకుల చెట్ల కర్రనంతా హార్డ్‌వుడ్ అనే అంటారు. ఆ లెక్కన మెత్తటి బూరుగు కూడా హార్డ్‌వుడ్డే! చూడాల్సింది రెండు: చేవ, తేమ.

టేకులో చెదలు ముట్టనిది లోపలి చేవ మాత్రమే. చుట్టూ ఉండే తెల్లటి చెక్కని చెదలూ తింటాయి, పురుగూ తొలుస్తుంది. పదేళ్ల టేకులో చేవ తక్కువ, తెలుపు ఎక్కువ. ఇక తేమ. ధాన్యం అమ్మేటప్పుడు 17 శాతం చూస్తారు కదా, ఫ్లోరింగ్ కర్రకి 10-12 శాతం దగ్గర ఉండాలి. మిల్లులో తేమ మీటరు పెట్టి చూపించమనండి. పచ్చి కర్ర వేస్తే వేసవికి సందులు వస్తాయి. బాగా ఆరిన కర్ర కూడా వానాకాలంలో కొంచెం ఉబ్బుతుంది కాబట్టి గోడల పక్కన సెంటీమీటరు ఖాళీ వదలాలి.

నా అభిప్రాయం అడిగితే, కింది అంతస్తులో చెక్క వద్దే వద్దు. నేలలోంచి తేమ ఎక్కుతుంది, చెదలు వస్తాయి. చెదలు రాకుండా పునాదిలో క్లోర్‌పైరిఫాస్ లాంటి మందులు పోస్తారు. పొలంలో మానేసిన మందుని పడగ్గది కింద పోయించుకోవడం ఏం న్యాయం? కింద మనకి తాండూరు, బేతంచెర్ల బండలున్నాయి. చల్లగా ఉంటాయి, తడిగుడ్డ పెట్టినా ఏమీ కావు. చెక్క కావాలనుకుంటే పై అంతస్తులో, నీళ్లు తగలని ఒక్క గదికి వేసుకోండి.

దానికి కూడా కొత్త చెట్టు కొట్టక్కర్లేదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు, నల్లమద్ది దూలాలు, వాసాలు కొనండి. ఏళ్ల తరబడి ఆరిన కర్ర, చేవే ఎక్కువ ఉంటుంది. చెద, పుచ్చు లేనివి ఏరుకోండి. మేకులన్నీ పీకించాకే కోత మిల్లుకి పంపండి, లేకపోతే రంపం పోతుంది. కోయించాక కూడా తేమ ఒకసారి చూసుకోండి. మీ గట్టు మీద టేకే కొట్టాలంటే, కొట్టడానికీ తరలించడానికీ ముందుగా అటవీ శాఖ అనుమతి తీసుకోండి.

పైపూతకి ప్లాస్టిక్ లాంటి పాలిష్ బదులు అవిసె నూనె పల్చగా రుద్ది, బాగా ఆరాక తేనెమైనం పట్టించవచ్చు. ఒక జాగ్రత్త: నూనె రుద్దిన గుడ్డల్ని కుప్పగా పడేయకండి. వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. నీళ్లలో తడిపి, విడివిడిగా ఆరుబయట ఆరేయండి.

షాపుకి వెళ్తే ఈ మూడు ప్రశ్నలు అడగండి: లోపల ఉన్నది కర్రా, అట్టా? జిగురు ఏ రకం, ఈ గ్రేడు ఎంత? తేమ ఎంత శాతం? నమూనా ముక్క అడిగి తెచ్చుకుని ఒక రాత్రి బకెట్ నీళ్లలో వేయండి. అట్టయితే తెల్లారేసరికి అంచులు ఉబ్బిపోయి కనిపిస్తాయి. ఆ ముక్క చూశాకే డబ్బు కట్టండి.