ముందు సారు స్తంభం ఎక్కాలి

స్తంభం ఎక్కని సారు దగ్గర కరెంటు పని నేర్చుకున్న పిల్లవాణ్ని స్తంభం ఎక్కించకండి. మాట కటువుగా ఉందని తెలుసు. ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా దుమ్ముగూడెం, చర్ల అడవి అంచుదాకా ముంచుకొస్తున్న ప్రమాదం మెత్తగా చెబితే వినపడేలా లేదు. ఈ నేల మీద లైన్ల పని, పంపుల పని, సోలార్ పని ఏటికేడు పెరుగుతోంది. ఆ పని నేర్పే చేతులు ఏటికేడు తగ్గిపోతున్నాయి.

2024 ఆగస్టు 5న పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం (కేటీపీఎస్) పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ పేల్చి కూల్చారు. ఎన్నో కోసుల దూరం నుంచి ఊరికి ఆనవాలుగా కనిపించినవి క్షణాల్లో దుమ్మయ్యాయి. 1960ల్లో మొదలై 720 మెగావాట్లకు ఎదిగిన ఆ పాత యూనిట్లు అప్పటికే మూతపడ్డాయి. కాలం తీరిన యంత్రాన్ని తీసేయడంలో తప్పేమీ లేదు. నా దిగులు యంత్రాల గురించి కాదు. మోటారు మోత విని బేరింగు జబ్బు చెప్పగలిగిన ఫిట్టర్లు, రిలే ప్యానెల్ మీద పడిన జెండా చూసి తప్పు ఎక్కడుందో పట్టుకున్న ఎలక్ట్రీషియన్లు ఇవాళ రిటైరై ఇళ్ళ అరుగుల మీద కూర్చున్నారు. "అన్నా, వారానికి రెండు రోజులొచ్చి మా పిల్లలకు చూపించు" అని వాళ్ళలో ఎంతమందిని పిలిచాం?

డబ్బు లేదని అనడానికి వీల్లేదు. 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే 2,324 కోట్ల రూపాయల పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో మొదలుపెట్టింది. రోబోలు, సీఎన్‌సీ యంత్రాలు వస్తున్నాయి. రావాలి కూడా. 2025 మేలో కేంద్రం 60,000 కోట్లతో దేశంలోని వెయ్యి ఐటీఐలను బాగుచేసే పథకానికి ఆమోదం తెలిపింది. అందులోనే 50,000 మంది ఇన్‌స్ట్రక్టర్లకు శిక్షణ ఇస్తామంది. అందుకోసం బలపరిచే ఐదు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో హైదరాబాద్‌లోది ఒకటి. అంటే సార్లకు చదువు చెప్పే అవకాశం మన గుమ్మంలోకే వచ్చింది. ఆ చదువులో ఏముండాలో ఇప్పుడే అడగకపోతే, రోబో చెయ్యి తిప్పడం తెలిసి ఎర్త్ రాడ్డు తగిలించడం తెలియని సార్లు తయారవుతారు. గుండాల అడవిలో తెగిన తీగను కలపడానికి రోబో రాదు.

ఆ తీగ దగ్గరికి ఒకసారి వెళ్ళి చూడండి. ఆషాఢం వాన, రాత్రి తొమ్మిది, పదకొండు కేవీ లైను మీద కొమ్మ పడింది. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ, అంటే లైను ఆపామన్న లైన్ క్లియర్, తీసుకోవాలి. సిగ్నల్ అందదు. ఎవరో బండి మీద గుట్ట ఎక్కి ఫోన్ చేసొచ్చి "ఇచ్చిండంట" అంటాడు. ఏ ఫీడరు మీద ఇచ్చాడు? అడిగేది ఎవరు? లైనును విడదీసే ఏబీ స్విచ్ దించారు. మూడు బ్లేడ్లలో ఒకటి పూర్తిగా విడిపోలేదు, చీకట్లో కింది నుంచి కనపడదు. పక్క ఊళ్ళో ఎవరిదో జనరేటరు వైరింగు సరిగా లేక ట్రాన్స్‌ఫార్మర్ గుండా రిటర్న్ సప్లై వస్తోంది. ఇంట్లో వెలిగిన 230 వోల్టులే ఆ ట్రాన్స్‌ఫార్మర్ వెనక్కి దాటితే లైను మీద వేల వోల్టులు. పైనున్నవాడికి ఇరవై ఏళ్ళు, ఐటీఐ సర్టిఫికెట్ ఉంది.

ఇలాంటి చోట బతికించేవి నాలుగైదు అలవాట్లే. ఎల్‌సీ ఎవరిచ్చారు, ఏ ఫీడరు మీద అన్నది తన చెవితో విని తిరిగి చెప్పడం. స్విచ్ మూడు బ్లేడ్లూ టార్చి వేసి చూడడం. డిటెక్టర్‌తో లైను చచ్చిందని తేల్చుకోవడం. పని చేసే చోటికి రెండు వైపులా ఎర్త్ చెయ్యడం. ఆ ఎర్త్‌లోనూ వరస ఉంది: ముందు నేల కొస బిగించాలి, తర్వాతే తీగ కొస తగిలించాలి, తీసేటప్పుడు ముందు తీగ కొస తియ్యాలి, చివరికి నేలది. వరస తప్పితే కాపాడాల్సిన రాడ్డే చంపుతుంది. ఇదంతా నల్లబల్ల మీద పది లైన్లు. పిల్లవాడు బట్టీ పట్టి నూటికి నూరు తెచ్చుకోగలడు. కానీ తడిసిన చేతుల్లో ఆ రాడ్డు బరువెంతో, బెల్టు మీద వాలి రెండు చేతులూ వదలాలంటే కాళ్ళెక్కడ ఉండాలో, "ఏం కాదు, ఎక్కు" అని పెద్దాయన తొందరపెడితే "ఎర్త్ చెయ్యకుండా ఎక్కను" అని నోరు తెరవడమెలాగో బల్ల మీద రాదు. ఆ చివరిది అన్నిటికన్నా కష్టమైన పాఠం. అది తెలిసిన సారే నేర్పగలడు.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి. పని వచ్చినవాళ్ళందరికీ నేర్పడం రాదు. ముప్పై ఏళ్ళు లైను మీద బతికిన మనిషిని "ఎట్ల చేసినవ్?" అని అడిగితే "అట్లనే చెయ్యాలె" అంటాడు. మెళకువ చేతిలోకి దిగిపోయి మాటకు అందకుండా పోయింది. తాను ఆరు అడుగులు వేశానన్నది ఆయనకే తెలియదు. మూడు చెబుతాడు, పిల్లవాడు మూడే చేస్తాడు. మరోవైపు ఏడాది పాటు క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ చదివొచ్చిన సారుకు పాఠాన్ని ముక్కలు చేసి చెప్పడం వచ్చు, కానీ వానలో లైను చూసి ఉండకపోవచ్చు. ఈ ఇద్దరినీ ఒకే యార్డులో, ఒకే ఇరవై మంది పిల్లల ముందు నిలబెట్టడమే మనకు కావలసిన శిక్షణ. పెద్దాయన చేసి చూపిస్తుంటే సారు ప్రతి కదలికనూ ఆపి, "ఇప్పుడెందుకు ఆగినవ్?" అని అడిగి రాసుకోవాలి. తర్వాత సారు చెయ్యాలి, పెద్దాయన తప్పులు పట్టాలి. పిల్లల వంతు ఆ తర్వాతే. డిగ్రీ లేదని పెద్దాయనను గేటు దగ్గరే ఆపే నిబంధన ఉంటే దాన్ని మార్చండి.

ఇది కొత్త విద్యేం కాదు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు బొగ్గు మనుషులకు తెలిసిందే. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనల ప్రకారం శిక్షణ పొందకుండా కొత్త మనిషిని గనిలో పనికి పెట్టకూడదు. పైకప్పును రాడ్డుతో తట్టి, గట్టిగా మోగిందా బోలుగా మోగిందా అని వినడం గనిలో పాతవాడి పక్కన నిలబడి నేర్చుకున్న చెవి విద్య. సింగరేణి గడ్డకు అలవాటైన ఈ క్రమం పక్కనే ఉన్న కరెంటు స్తంభం దాకా ఎందుకు రాలేదు?

విద్యుత్ రంగానికీ నిబంధనలు లేకపోలేదు. కేంద్ర విద్యుత్ అథారిటీ భద్రతా నిబంధనలు 2010లో ఒకసారి, 2023లో మళ్ళీ వచ్చాయి. విద్యుత్ కేంద్రాలను, లైన్లను నడిపేవాళ్ళకు శిక్షణ తప్పనిసరి అన్నాయి. ఆ శిక్షణ ఎందుకంత ముఖ్యమో 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రాన్ని తలుచుకుంటే తెలుస్తుంది. బ్యాటరీలు మార్చే పని జరుగుతుండగా మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. పేరుకు చిన్న పని. ఆ బ్యాటరీల డీసీ కరెంటే రిలేలకు ఊపిరి. అది పోతే ప్రమాదాన్ని రిలే పసిగట్టలేదు, బ్రేకర్ తెగదు. ఈ ఒక్క వాక్యం అర్థమయ్యేలా చెప్పగల ఇన్‌స్ట్రక్టర్ ప్రతి ఐటీఐలో ఉండాలి.

ఇక రాబోయేది. 2025 మేలో మొదలైన ఇందిర సౌర గిరి జల వికాసం కింద గిరిజన రైతుల పోడు భూములకు సోలార్ పంపులు వస్తున్నాయి. లక్ష్యం ఆరు లక్షల ఎకరాలు. పినపాక, కరకగూడెం, దుమ్ముగూడెం రైతులు వాటి కోసం ఎదురుచూస్తున్నారు. మెయిన్ ఆపితే కరెంటు పోతుందని పాత పాఠం. సోలార్‌లో ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ బతికే ఉంటుంది. వరసగా కలిపిన ప్యానెళ్ళ తీగలో వందల వోల్టుల డీసీ ఉంటుంది, లోడు మీద కనెక్టర్ లాగితే పుట్టే మంట ఏసీలోలాగా తనంతట తాను ఆరదు. ఇది నేర్పాల్సిన సార్లలో ఎంతమంది ఆ కనెక్టర్‌ను చేత్తో పట్టుకున్నారు? పంపులు ముందొచ్చి సార్లు తర్వాత తయారైతే మధ్యలో నేర్చుకునేది రైతుల ప్రాణాల మీదే. ఇప్పటికే ఫ్యూజు పోతే లైన్‌మన్ కోసం చూసి చూసి రైతే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కే ఊళ్ళివి.

భాష సంగతి చాలామందికి తట్టదు. కోయ ఇళ్ళ నుంచి వచ్చే పిల్లవాడికి తెలుగే రెండో భాష, ఇంగ్లిష్ మాన్యువల్ మూడోది. ప్రమాదంలో మెదడు అమ్మ భాషలోనే పరుగెడుతుంది. "ఆగు", "దిగు", "ముట్టకు" అన్న మూడు మాటలైనా పిల్లవాడి భాషలో అరవగలిగేలా సారును తయారుచెయ్యాలి. గిరిజన అభివృద్ధి సంస్థ ఐటీడీఏకు ఇది పెద్ద ఖర్చు కాదు.

ఇవన్నీ సిద్ధమయ్యేదాకా గోదావరి ఆగదు. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక 43 అడుగులు. 1986లో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. నీళ్ళొచ్చిన రాత్రి సబ్‌స్టేషన్ ఆపాలన్నా, మోటార్లు నడపాలన్నా, నీళ్ళు తీశాక ఏ ప్యానెల్ ఎంత ఆరాక ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూడాలన్నా చెయ్యి తిరిగిన మనుషులు కావాలి. అందుకే మళ్ళీ వాన మొదలయ్యేలోపు ప్రతి ఐటీఐ ఆవరణలో కరెంటు లేని ఒక పదకొండు కేవీ లైను, ఏబీ స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు స్తంభాలు నిలబెట్టండి. పాత సామాను డిస్కం గోదాముల్లోనే దొరుకుతుంది. ప్రతి ఇన్‌స్ట్రక్టర్‌నూ ఏటా ఒక నెల సబ్‌స్టేషన్‌లో, లైను మీద పని చేయించండి. పిల్లవాడు ఒంటరిగా, మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తేనే సారు సంతకం పెట్టాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. అడ్మిషన్‌కు వెళ్ళినప్పుడు ఫీజు అడిగే ముందు యార్డు చూపించమనండి. సారును పిలిచి, చివరిసారి స్తంభం ఎప్పుడు ఎక్కారో మర్యాదగా అడగండి. ఎర్త్ రాడ్డు ఎక్కడుందో చూపించమనండి. దాని గది తాళంచెవి కోసం వెతకడం మొదలుపెడితే, పిల్లవాణ్ని వెంటబెట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదికి నడవండి.