ట్యాంకు మీది పేరు కాదు, ఇంజను మీది నంబరు చూడండి
పాత జావా మోటారుసైకిలు కొనబోయేవాళ్లు ట్యాంకు మెరుపు చూసి మురిసిపోతారు. నేనైతే ముందు కింద కూర్చుని ఇంజను నంబరు చూడమంటాను. మైసూరులో ఐడియల్ జావా కంపెనీ 1961లో బళ్లు తయారుచేయడం మొదలుపెట్టింది, డెబ్బైల్లో పేరు యెజ్డీగా మారింది, 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అన్నీ ఒకే వంశం బళ్లు కాబట్టి ఒకదాని సామాను చాలావరకు ఇంకోదానికి పట్టేస్తుంది. ఇబ్బందంతా అక్కడే. మొన్న ఒక షెడ్డులో చూసిన బండికి ట్యాంకు మీద జావా అని ఉంది, ఇంజను మూత మీద యెజ్డీ అని ఉంది. నంబరు కొట్టిన చోట లోహం చుట్టుపక్కల కంటే నున్నగా, కాస్త పల్లంగా ఉంది: ఆకురాయితో అరగదీసి మళ్లీ కొట్టిన నంబరు అది. ట్యాంకుకు అయస్కాంతం ఆనిస్తే ఒక పక్క గట్టిగా పట్టుకుంది, రెండో పక్క జారిపోయింది. రంగు కింద అంత మందాన లప్పం. సామాను దొరక్క యెజ్డీ ఇంజను వేసుకుని నడుపుకోవడం తప్పంటే నేనొప్పుకోను. బండి బతకాలంటే ఎక్కడో ఒకచోట అతుకు తప్పదు, ఇన్నాళ్లూ వాటిని నడిపించిన మెకానిక్కులకు దండం పెట్టాలి. కానీ ఆ మార్పు ఆర్సీలో ఎక్కించకుండా, అంతా ఒరిజినలే అని చెప్పి ఒరిజినల్ ధర గుంజడం మోసం. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికే వింటేజ్ రిజిస్ట్రేషన్. అతుకుల బండి కొన్నవాడు ఆ రిజిస్ట్రేషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే. ఏమేం మార్చారో అమ్మేవాళ్లు కాగితం మీద రాసివ్వాలి, ఆ కాగితం చేతిలో పడేదాకా బయానా ఇవ్వకండి.