పాత ఇంటికి కొత్త గది: మేస్త్రిని ఎలా నమ్మాలి?



సెలవులకి ఊరెళ్లొచ్చిన మన హాస్టల్ వాళ్ల ఇళ్లల్లో ఒకటే మాట. పాత ఇంటిని ఆనుకుని ఒక స్లాబు గది వెయ్యాలి. అన్నకి పెళ్లయ్యింది, చెల్లి చదువుకోడానికి జాగా లేదు, వానొస్తే పెంకులు కారుతున్నాయి. కాఫీ, మిరియాలు అమ్మిన డబ్బుకి డ్వాక్రా లోను కలిపి పని మొదలుపెడతారు. ఆ పని ఎవరికి ఇవ్వాలన్న దగ్గరే మనవాళ్లు దెబ్బ తింటున్నారు.

మా పాడేరు వైపు జరిగేది చెప్తాం. సంతలో పరిచయమైన కాంట్రాక్టరు కింద నుంచి బండి మీద వస్తాడు. "మీకెందుకు, సామానుతో సహా అంతా నేను చూసుకుంటాను" అంటాడు. సగం డబ్బు ముందే పట్టుకెళ్తాడు. పునాది లేచాక ఇంకో ఊళ్లో పని ఒప్పుకుంటాడు, ఫోన్ చేస్తే ఎత్తడు. చేతిలో కాగితం లేదు, ఎంత ఇచ్చామో లెక్క లేదు. అప్పు మాత్రం నెలనెలా కట్టాలి.

మా అభిప్రాయం ఏంటంటే, ముందు మన ఊరి కుర్రాళ్లని చూడాలి. విశాఖపట్నం, హైదరాబాద్ వెళ్లి అపార్టుమెంట్లలో సెంట్రింగ్, ఊచలు కట్టడం, తాపీ పని చేసొచ్చినవాళ్లు మన ఊళ్లల్లో ఉన్నారు. పట్నంలో పదంతస్తులు కట్టినోడు ఊరికొస్తే "కూలీ కుర్రాడు", కింద నుంచి వచ్చినాయన "మేస్త్రి గారు". ఈ చూపు మారాలి. అలాగని చుట్టరికం చూసి పని ఇచ్చెయ్యమనడం లేదు. గమేళాలు మోసినోడికీ గోడ కట్టినోడికీ తేడా ఉంది. మనోడైనా, బయటోడైనా పరీక్ష ఒకటే పెట్టాలి.

మొదటిది, ఒక వానాకాలం దాటిన పని చూడాలి. కొత్తగా సున్నం వేసిన ఇల్లు ఎవరు కట్టినా బాగానే ఉంటుంది. రెండేళ్ల కిందట కట్టిన ఇంటికెళ్లి స్లాబు కింద చెమ్మ ఉందా, పాత గోడ కొత్త గోడ కలిసిన చోట పగులు ఉందా చూడండి. ఆ ఇంటి అమ్మని అడగండి: కారితే మళ్లీ వచ్చి బాగుచేశాడా? డబ్బు అయిపోయాక కూడా వచ్చాడా?

రెండోది, కొన్ని ప్రశ్నలు అడగాలి. పాత మట్టిగోడ మీదే కొత్త స్లాబు మోపుతానంటే వద్దనండి. కొత్త గదికి దాని పునాది, దాని పిల్లర్లు దానికి ఉండాలి. కొత్త పునాది కొంచెం కుంగినా రెండు గోడల మధ్య పగులొస్తుంది, అక్కడ ఏం చేస్తావని అడగండి. స్లాబుకి ఎన్ని రోజులు నీళ్లు కొట్టాలో అడగండి. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, పీపీసీ రకానికి 10 రోజులు తడి ఆరకూడదు. ఎండాకాలంలో ఊట నుంచి ఆ నీళ్లు మోసేది మన ఆడవాళ్లే, కాబట్టి నీళ్లు ఎవరు తేవాలో ముందే తేల్చుకోవాలి. సెంట్రింగ్ రేకులకి రోజు అద్దె ఉంటుంది, అందుకని తొందరగా ఊడదియ్యాలని చూస్తారు. 15 అడుగుల లోపు గదికైనా స్లాబు కింద పోట్లు 7 రోజులు ఉండాలి, అంతకంటే వెడల్పైతే 14 రోజులు.

మూడోది, సామాను మనమే కొనాలి, మేస్త్రికి కూలీ మాత్రమే మాట్లాడాలి. సిమెంటు బస్తా మీద తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. మూడు నెలలు దాటినదైతే తీసుకోవద్దు. ఇనుము తూకం వేయించండి. 12 మీటర్ల 8 ఎంఎం ఊచ దాదాపు 4.7 కిలోలు, 10 ఎంఎం అయితే 7.4 కిలోలు ఉండాలి.

నాలుగోది డబ్బు. పునాది, గోడలు, స్లాబు, ప్లాస్టరింగ్, ఏది పూర్తయితే దానికే ఇవ్వాలి. చివర కొంత డబ్బు మొదటి పెద్ద వాన పడేదాకా ఆపాలి. ఇదంతా తెల్లకాగితం మీద తెలుగులో రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించాలి. "నా మీద నమ్మకం లేదా?" అంటాడు మేస్త్రి. కాగితం ఆయనకీ పనికొస్తుంది. రేపు మనం కూలీ ఎగ్గొడితే ఆయన చూపించేది అదే కదా.

ఇంకో సంగతి. పీఎం ఆవాస్ యోజన గ్రామీణ్ ఇల్లయితే లబ్ధిదారు తానే కట్టించుకోవాలి, కాంట్రాక్టరుని పెట్టకూడదని ఆ పథకం నిబంధనల్లోనే ఉంది. "మీ బిల్లు నేను తెప్పిస్తా, పాసుబుక్కు ఇవ్వండి" అనే మనిషికి ఇవ్వాల్సిన పని లేదు. సొంత డబ్బుతో కట్టించినా దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇళ్ల నిర్మాణం కూడా సేవ కిందకే వస్తుంది. 1915కి ఫోన్ చెయ్యొచ్చు. ఇచ్చిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజు లేదు. అక్కడా ముందు అడిగేది రసీదు, కాగితమే.

మన ఇళ్లల్లో ఆ కాగితం చదివి రాయగలిగిన మొదటివాళ్లం మనమే. అమ్మానాన్నలకి సిగ్గుగా ఉంటుంది, పెద్దమనిషిని ఎలా అడగాలని. మనం అడుగుదాం. ఈ సెలవుల్లో మీ ఊళ్లో ఎవరైనా గది మొదలుపెడుతుంటే, ముగ్గు పొయ్యకముందే ఒక నోట్‌బుక్ పట్టుకుని వెళ్లండి. మంచి పని చేసే మన ఆదివాసీ మేస్త్రులు ఎవరున్నారో, ఏ ఊళ్లో ఏం కట్టారో వాళ్లని అడిగి రాసిపెట్టండి. మండలానికో లిస్టు తయారైతే వచ్చే ఏడాది ఎవరూ సంతలో మేస్త్రిని వెతుక్కోనక్కర్లేదు.

జై ఆదివాసీ.