గోదావరి కోత

నది భూమిని గొనివచ్చును, నదియే గొనిపోవును. గోదావరి తెచ్చిన ఒండ్రుమట్టియే కోనసీమయైనది. ధవళేశ్వరము దిగువను గౌతమియు, వసిష్ఠయు, గన్నవరముకడ వసిష్ఠనుండి చీలిన వైనతేయయు లంకల యంచులను కోసికొనిపోవుచుండుట యెల్లరెరిగినదే. కొబ్బరిచెట్టు ఏటిలో గూలినపుడు రైతు దైవికమని సరిపెట్టుకొనుచున్నాడు. ఇందు దైవమెంత, మానవుడెంత యని విచారింపవలసియున్నది.

ఏరు వంపు తిరిగినచోట వెలుపలి యొడ్డున వేగ మధికమై గట్టు పాదమును తొలుచును. లోపలి యొడ్డున వేగము తగ్గి మేట వేయును. కనుకనే యొక లంక తరుగుచుండ వేరొకటి పెరుగుచుండును. వరద పోటుమీద నున్నప్పటికంటె తీయునపుడే గట్లు తరచుగా విరిగిపడుట మరియొక విశేషము. నానిన మన్ను బరువెక్కియుండును. దాని నానుకొనియున్న నీరు దిగిపోగానే ఆధారము తప్పి జారిపోవును. ధవళేశ్వరముకడ 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులకును, 2022 జూలైలో 25 లక్షలకును మించి వరద వచ్చినది. అట్టి ప్రవాహము నాపుట మనవశము గాదు.

ఇంతవరకు ప్రకృతిధర్మము. ఇక మన చేత. ఎగువ జలాశయములలో ఒండ్రు నిలిచిపోగా, బరువు తగ్గిన నీరు తన యడుగునే తొలుచుకొనును. జలాశయములు వలదని మేమనము. అవి పంటకు ప్రాణము. అయితే మట్టిరాక తగ్గిన యేటినుండి ఇసుకను యంత్రములతో తోడుట యేమి వివేకము? గోతిని పూడ్చుకొనుటకు నది చుట్టుపట్ల ఇసుకను లాగికొనును, అడుగు దిగును, గట్టు నిటారై కూలును. చిన్న ఇసుకగనులకు సయితము పర్యావరణానుమతి యుండవలెనని సుప్రీముకోర్టు 2012లో శాసించినది. 2016లో కేంద్రప్రభుత్వము మార్గదర్శకములను ప్రకటించినది. శాసనము కాగితముపై నున్నంతమాత్రమున గట్టు నిలువదు.

ప్రభుత్వమువారు ఏటేట వరద తీసిన పిమ్మట లంకల యంచులను కొలిపించి, ఆ లెక్కలను గ్రామములలో ప్రకటింపవలెను. ఒక యొడ్డున రాతికట్ట వేసిన, ప్రవాహ మెదుటి యొడ్డున బడును. కావున పాయ మొత్తమునకు నొకే ప్రణాళిక యుండవలెను. భూమి కోల్పోయిన రైతునకు ప్రత్యామ్నాయము చూపవలెను.

భూస్వాములకు మా మనవి యొక్కటి. నేడు ఇసుకబండిచే వచ్చిన రూకలు రేపు గట్టుతోబాటు ఏటిపాలగును. పొరుగువాని లంక కూలుచుండ మన చేను భద్రమని తలచుట భ్రాంతి. ఏటికి సరిహద్దురాళ్లు తెలియవు.