వాయిదా వేరు, ఎగవేత వేరు

ఆడికృత్తికకు తిరుత్తణి వెళ్ళి కొండ ఎక్కకుండా తిరిగి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటాను. తిరువళ్ళూరులో లోకల్ రైలు ఎక్కేటప్పుడు 365 మెట్లూ నడిచే ఎక్కాలని సంకల్పించుకున్న మాట నిజం. కానీ మా చిన్నాన్నగారింట్లో కాళ్ళు కడుక్కోగానే, "ముందు దీని సంగతి చూడరా, స్వామి ఎక్కడికీ పోడు" అంటూ ఆయన నన్ను కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు.

చిన్నాన్న బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. మనవలు బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. ఎప్పటికైనా తెలుగు నేర్చుకుని చదువుతారని ఇంటి సంగతులన్నీ తెలుగులో టైపు చేస్తున్నారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారేనాటికి ఆయనకు పదేళ్ళు. ఆనాటి ముచ్చట్లు రెండు పేజీలు కొట్టి, సేవ్ చెయ్యకుండా కాఫీకి లేచారు. తిరిగి వచ్చేసరికి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అప్‌డేట్ అట! అంతకు ముందు నాలుగు రోజులుగా అది అడుగుతున్నా ఆయన "తర్వాత" అని నొక్కుతూ వచ్చారు. రెండు పేజీలూ పోయాయి.

"ఇది నా కంప్యూటరా, వాళ్ళదా?" అని కోపం వచ్చి, రిపేరు కుర్రవాణ్ణి పిలిపించారు. అతను సర్వీసెస్ అనే చోటికి వెళ్ళి విండోస్ అప్‌డేట్‌ను డిసేబుల్ చేసి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఇల్లు ప్రశాంతం. నేను చూసేసరికి ఆ ప్రశాంతతకు పదకొండు నెలలు నిండాయి. పెన్షను ఖాతా చూసుకునేది కూడా ఆ కంప్యూటరులోనే!

నేను చదివింది కామర్సు, తెలిసింది బ్యాంకు భాష. ఆ భాషలోనే చెప్పాను. "చిన్నాన్నా, అప్పు వాయిదా అడిగినవాడికి గడువిస్తాం. ఎగ్గొట్టినవాడి ఇంటికి నోటీసు వెళుతుంది. మీరు ఎగ్గొట్టారు."

ఆయన నమ్మలేదు. 2017 సంగతి చెప్పవలసి వచ్చింది. విండోస్‌లో ఉన్న ఒక కంతను పూడ్చే అప్‌డేట్ ఆ ఏడు మార్చి 14ననే వచ్చింది. వేసుకోనివాళ్ళు లోకమంతటా ఉన్నారు. రెండు నెలలకు, మే 12న, వన్నాక్రై అనే పురుగు ఆ కంతలోంచే దూరి ఫైళ్ళకు తాళాలు వేసి డబ్బు అడిగింది. ఇంగ్లండు ఆస్పత్రులు మొదలుకొని ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్ల దాకా దెబ్బతిన్నాయి, వాటిలో చిత్తూరు జిల్లావి కూడా ఉన్నాయి. "మన చిత్తూరా?" అన్నారు చిన్నాన్న. అరవై ఏళ్ళు దాటినా ఆయనకు అది మన చిత్తూరే.

ఆయన కోపంలోనూ న్యాయం లేకపోలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ ఒకటి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూలదోసింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. కనుక వచ్చిన రోజునే వేసుకోవాలని నేననను. మైక్రోసాఫ్టు నెలవారీ అప్‌డేట్‌లు రెండో మంగళవారం అమెరికా పగటివేళ వస్తాయి, మనకు అది రాత్రి. ఒక వారం ఆగితే మంచిచెడ్డలు బయటపడతాయి.

ముందు కుర్రవాడు ఆపినదాన్ని మళ్ళీ తెరిచాం. బాకీ అంతా దిగడానికి మధ్యాహ్నం దాటింది. తరువాత సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిచి, పాజ్ అన్నచోట వారం గడువు ఎలా పెట్టాలో ఆయన చేతే చేయించాను. అక్కడే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యాక్టివ్ అవర్స్ ఉంది. ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా అని పెడితే ఆ వేళల్లో తనంతట తాను రీస్టార్ట్ కాదు. ఫోను హాట్‌స్పాట్‌తో నడిపేవారు ఆ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టుకుంటే చాలా అప్‌డేట్‌లు డేటా తినకుండా ఆగుతాయి. ఆగాయి కదా అని మరిచిపోకండి, నెలకొకసారైనా తెరవాలి.

ఇక అడగకుండా వచ్చినవాటి మీద నాకు ఏ దయా లేదు. మూలన వాన కబురు, దాని పక్కన సినిమా వార్తలు! టాస్క్‌బార్ మీద కుడిమీట నొక్కి, టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో విడ్జెట్స్ ఆపేశాం. ఎవరూ ఆడని ఆటలను ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోంచి తీసేశాం. కంప్యూటరు తెరవగానే పరుగెత్తుకొచ్చేవాటిని స్టార్టప్ జాబితాలో ఆఫ్ చేశాం.

వన్‌డ్రైవ్ దగ్గర మాత్రం ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఉచితంగా ఇచ్చేది 5 జీబీయే, నిజమే. కానీ డెస్క్‌టాప్‌ను అది చూసుకుంటున్నప్పుడు తొందరపడి ఆపితే డెస్క్‌టాప్ ఖాళీగా కనబడవచ్చు. ఫైళ్ళు వన్‌డ్రైవ్ ఫోల్డరులోనే ఉంటాయి, కానీ డెబ్బై దాటిన మనిషికి ఆ క్షణం గుండె ఆగుతుంది. అందుకని ముందు అన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించాకే దాని జోలికి వెళ్ళాం.

విండోస్ 10 వాడేవారికి ఒక మాట. దానికి మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంట్లో ఎవరూ ఏమీ ఆపకపోయినా మా చిన్నాన్న స్థితే మీది.

సాయంత్రం రైలుకు బయలుదేరుతుంటే ఆయన మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నారు. "తెలుగు కీబోర్డు పోలేదు కదా?" అని అడిగాను.

"అది ఉందిరా. 1960 గురించి మొదటి వాక్యం ఏం రాశానో, అదే గుర్తుకు రావడం లేదు" అన్నారు.