జక్రాన్‌పల్లి విమానం సంగతి సరే, బండిలో నర్సు ఉన్నదా?

మొన్న ఆర్మూర్‌లో చాయ్ హోటల్ కాడ ఒక అన్న అన్నడు: "జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్టు పడితే ఇగ మన పసిపిల్లలకు ఢోకా లేదు, సీరియస్ అయితే విమానంలో హైదరాబాద్ తీసుకపోవచ్చు." అందరు అవునన్నరు. నాకు మాత్రం అనబుద్ధి కాలేదు.

పోయిన యేడు పసుపు ఉడకబెట్టే దినాలల్ల మా వాడకట్టులో ఒక బిడ్డకు ఎనిమిదో నెలలనే కాన్పు అయింది. పిల్ల కిలోన్నర కూడా లేదు. చిన్న దవాఖానలో చీటి రాసి "హైదరాబాద్ తోల్కపోండ్రి" అన్నరు. వాళ్లు దొరికిన కారులో, టవల్‌లో చుట్టి, ఏసీ ఏసుకొని ఉరికిండ్రు. రోడ్డు బాగనే ఉన్నది, డ్రైవర్ బాగనే తోలిండు. పోయేసరికి పిల్ల ఒళ్లు మంచు లెక్క అయింది. బతికింది, కానీ చానా రోజులు అద్దాల పెట్టెలో ఉండాల్సి వచ్చింది. ఆ పిల్లను కష్టపెట్టింది దూరం కాదు, సలి. ఒళ్లు వేడి 36.5 డిగ్రీల కంటె కిందికి పోతే పసిగుడ్డుకు శ్వాస కష్టమైతది, రక్తంలో చక్కెర పడిపోతది. ఒక్కరోజు కోడిపిల్లలను తెచ్చేటోడు కూడా దారిలో వేడి చూసుకుంటడు గదా!

విమానమైతే ఈ బాధలు పోవు. పైకి పోయిన కొద్ది ఆక్సిజన్ తక్కువైతది. పిల్ల ఛాతిలో గాలి చిక్కుకొని ఉంటే అది ఇంకింత ఉబ్బుతది. పైగా ఇక్కడ బండి ఎక్కించి, విమానంలకు మార్చి, శంషాబాద్‌లో మళ్లా ఇంకో బండి ఎక్కించి నిలోఫర్‌కు పోవాలె. మార్చినప్పుడల్లా పైపులు ఊడే భయమే. 44వ నంబర్ హైవే మన పక్కనుంచే పోతుంటే ఇదంతా దేనికి?

ఆస్ట్రేలియాలో ఊర్లకు దవాఖానలు వందల కిలోమీటర్ల దూరం. అందుకే 1928లోనే అక్కడ విమానంలో డాక్టర్లు పోవుడు మొదలైంది. న్యూ సౌత్ వేల్స్‌లో 1979 నుంచి పసిపిల్లల కోసమే నెట్స్ అని ఒక పద్ధతి ఉన్నది. అక్కడ పిల్లను పంపరు, డాక్టరు, నర్సే పిల్ల కాడికి వస్తరు. దూరాన్ని బట్టి అంబులెన్సో, హెలికాప్టరో, విమానమో. వచ్చినంక కూడా ఎత్తుకొని ఉరకరు. అక్కడనే వెచ్చ చేసి, శ్వాస సరి చేసి, చక్కెర చూసి, అప్పుడు కదులుతరు. మనోళ్లయితే "ఇంత ఆలస్యమా" అని కొట్లాడుతరు కావచ్చు.

మన రాష్ట్రంలో 108 కింద ఇంక్యుబేటర్ ఉన్న పసిపిల్లల బండ్లు ఉన్నయి. ఫోన్ చేసినప్పుడు "నెలలు నిండని పిల్ల, నియోనేటల్ బండి పంపుండ్రి" అని గట్టిగ చెప్పుండ్రి. బండి వచ్చేదాంక పిల్లకు టోపీ పెట్టి, బట్ట అడ్డం లేకుండ ఒంటికి ఒళ్లు తాకేటట్టు ఎదకు ఆనించి, పైనుంచి దుప్పటి కప్పాలె. తల్లికి ఆపరేషన్ అయి ఉంటే తండ్రి చేయొచ్చు, నాయనమ్మ చేయొచ్చు. సిగ్గు పడేది ఏం లేదు. ఇంకో మాట: ఏడు, ఎనిమిది నెలలకే నొప్పులొస్తే కాన్పు అయినంక పిల్లను మోసుకపోవుడు కాదు, ముందే తల్లిని నిజామాబాద్ పెద్దాసుపత్రికి తీసుకపోండ్రి. కడుపు కంటె మంచి ఇంక్యుబేటర్ ఏ విమానంలో లేదు.

అడుగుడు మనకు రాదా? 2019లో పసుపు బోర్డు కోసం 178 మంది రైతులం ఎంపీ ఎలక్షన్లో నిలబడినం, 2025 జనవరిలో బోర్డు వచ్చింది. ఎయిర్‌పోర్టు భూముల కోసం సార్లు వచ్చినప్పుడు నేను మూడే అడుగుత: మన జిల్లా పసిపిల్లల బండి రాత్రి పూట ఎక్కడ ఉంటది? అందులో పసిపిల్లల పని నేర్చిన నర్సు ఉన్నదా? బయలుదేరే ముందు పెద్ద దవాఖాన డాక్టరుతో ఎవరు మాట్లాడతరు? వచ్చే గ్రామసభకు మీరు కూడా రాండ్రి, ఒక్కన్ని అడిగితే రాసుకోరు.