రుమాలు గవాహీ ఇవ్వదు

డిగ్రీలో మా ఇంగ్లీషు సార్ ‘ఒథెల్లో’ నాటకం చెబుతూ నోట్సు రాయించారు: రుమాలు డెస్డిమోనా పాతివ్రత్యానికి ప్రతీక. పరీక్షలో నేనూ అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది గలత్.

1604లో లండన్‌లో ఆడిన ఆ నాటకంలో, స్ట్రాబెర్రీ పండ్ల కుట్టుపని ఉన్న ఆ రుమాలు ఒథెల్లో తన బీవీకిచ్చిన మొదటి తోహ్ఫా. అతనికి తలనొప్పి అంటే ఆమె దాంతో కట్టబోతుంది. చిన్నదని అతనే తోసేస్తాడు, కింద పడుతుంది. ఎమిలియా ఏరి తన మొగుడు ఇయాగోకిస్తుంది. అతను దాన్ని కాసియో గదిలో పడేస్తాడు. పడేసింది మియా, జుర్మ్ బీబీ మీద! ఎమిలియాను పిలిచి అడుగుతాడు కూడా. బీబీ పాక్ అని ఆమె కచ్చితంగా చెబుతుంది. ఆడమనిషి మాట కదా, వినడు.

ఆ గుడ్డకు ఇజ్జత్ అంటగట్టింది ఒథెల్లో. అతని షక్‌నే మన సార్లు ప్రతీక అని పాఠం చెబుతున్నారు.

మనకైతే ఇంకో కిస్సా తెలుసు. బనూ ముస్తలిఖ్ గజ్వా నుంచి తిరిగొస్తూ హజ్రత్ ఆయిషా (రజి.) హారం పోయింది. వెతుకుతూ వెనకబడ్డారు. అంతే, మునాఫిఖులు తోహ్మత్ వేశారు. నెల రోజులు మదీనాలో అదే మాట. చివరికి సూరె నూర్ ఆయతులు దిగాయి. నలుగురు గవాహులు లేకుండా పాక్‌దామన్ ఔరత్ మీద నింద వేస్తే 80 కొరడా దెబ్బలు, ఆ మనిషి గవాహీ ఇక ఎప్పటికీ చెల్లదు. మొగుడే నింద వేసినా, గవాహులు లేకపోతే అయిదు ఖసమ్‌లు తినాలి. బీవీ కూడా అయిదు తింటే ఆమెకు సజా లేదు. అతని ఖసమ్‌కున్న బరువే ఆమె ఖసమ్‌కూ ఉంది.

ఈ ఆయతులు తరావీలో వింటాం. ఇంటికొచ్చి కోడలి సెల్‌ఫోన్ తీసి చూస్తాం.

మొన్న ఒక ఇంట్లో పెద్దలు కూర్చుంటే నన్నూ పిలిచారు. అమ్మాయి ఫోన్‌లో ఒకే నంబరు నుంచి నాలుగు మిస్డ్ కాల్స్, అదీ వాళ్ల సబూత్. ఫోన్ చేతులు మారుతోంది, అందరూ చూస్తున్నారు. ఆమె పక్కగదిలోనే ఉంది. ఎవరూ పిలవలేదు.

“గవాహులెక్కడ చచ్చా?” అన్నాను.

“నువ్వు అఖ్బార్ వాడివి బేటా, ఇది ఘర్ కీ బాత్” అన్నారు.